క్యాసెట్టు నుంచి కంప్యూటరుకు: ముందు చూడాల్సింది ప్లేయరు

పాత క్యాసెట్లనూ గ్రామఫోన్ రికార్డులనూ ఇంట్లోనే సీడీలకెక్కించాలనుకునేవారు మొదట అడిగేది, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. నిజానికి అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. టేపు మీది ధ్వనిని ప్లేయరు ఎంత సరిగా చదివిందన్నదాని మీదే ఫలితం ఉంటుంది. అక్కడ జారిపోయిన ధ్వనిని తర్వాత ఏ కంప్యూటరూ వెనక్కి తేలేదు.

హెడ్ వాలితే

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టులో టేపు వెడల్పు 3.81 మి.మీ. పల్చని ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ పొడిని జిగురుతో పట్టించి ఉంటుంది. ధ్వని ఆ రేణువుల్లో అయస్కాంత ముద్రగా మిగులుతుంది. టేపు సెకనుకు 4.76 సెం.మీ. చొప్పున, ఆ ముద్రను చదివే హెడ్‌ను రాసుకుంటూ సాగుతుంది. లెక్క కడితే, సెకనుకు 10,000 కంపనాలున్న ధ్వనిలో ఒక్కో తరంగానికి టేపు మీద దక్కే చోటు 5 మైక్రాన్లు కూడా లేదు. తాళాల గణగణ, ‘స’, ‘శ’ అక్షరాల పదును ఇలాంటి ఎగువ ధ్వనుల్లోనే ఉంటాయి.

అందుకే హెడ్‌లోని సన్నని చీలిక టేపుకు కచ్చితంగా అడ్డంగా నిలవాలి. మోనో ట్రాకు వెడల్పు 1.5 మి.మీ. హెడ్ డిగ్రీలో ఐదో వంతు వాలినా, చీలిక ఒక కొసకూ రెండో కొసకూ మధ్య ఒక తరంగమంత తేడా వచ్చేస్తుంది. ఎత్తుపల్లాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని ఆ ధ్వని దాదాపు మాయమవుతుంది. దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు వినిపించే క్యాసెట్టు పాడైపోయిందని పారేయకండి. లోపం హెడ్ వాలులో ఉండవచ్చు.

హెడ్ పక్కన స్ప్రింగుతో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్టు మోగుతుండగా దాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పి, ‘స’లు పదునుగా పలికిన చోట ఆపాలి. ఒక్కో క్యాసెట్టు ఒక్కో టేపు రికార్డరులో రికార్డయి ఉంటుంది కాబట్టి ఈ సర్దుబాటు ప్రతిదానికీ చూసుకోవాలి.

దీనికి ముందు రెండు పనులు చేయాలి. క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న రెక్కల్ని విరిచేస్తే, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో హెడ్‌నూ, టేపును లాగే ఇనుప కడ్డీనీ తుడవాలి. టేపు చుట్ట అంచున తెల్లని బూజు కనిపిస్తే మాత్రం అసలు ప్లే చేయొద్దు. బూజు ప్లేయరులోకీ, దాన్నుంచి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది.

వేగం కూడా చూసుకోవాలి. రబ్బరు బెల్టు సాగిపోతే మోటారు సరిగా ఉన్నా టేపు నెమ్మదిస్తుంది. వేగం 6 శాతం మారితే పాట మొత్తం ఒక స్వరస్థానం జరిగిపోతుంది. రికార్డింగులో హార్మోనియం ఉంటే పని సులువు. దాని స్వరం మన హార్మోనియం మెట్లలో దేనితోనూ కలవకుండా రెండింటి మధ్య పడుతుంటే వేగాన్ని అనుమానించాల్సిందే.

రికార్డుల దారి వేరు

ఎల్.పి. రికార్డు నిమిషానికి 33⅓ సార్లు, అంటే మూడు నిమిషాల్లో సరిగ్గా వంద సార్లు తిరగాలి. లేబుల్ మీద కాగితం ముక్క పెట్టి లెక్కిస్తే సంగతి తేలిపోతుంది. ముల్లు ఇచ్చే విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులే. పైగా గాడి చెక్కేటప్పుడు మంద్ర ధ్వనుల్ని తగ్గించి, ఎగువ ధ్వనుల్ని పెంచి చెక్కుతారు. దాన్ని తిరగేసి సరిచేయాలంటే మధ్యలో ఫోనో ప్రీయాంప్లిఫయర్ ఉండాలి. అది లేకపోతే పాట పీలగా, చెవిలో గుచ్చినట్టు వినిపిస్తుంది.

78 వేగపు పాత ప్లేట్ల గాడి వెడల్పెక్కువ. వాటికి సుమారు 75 మైక్రాన్ల మొన ఉన్న ముల్లు కావాలి. ఎల్.పి. ముల్లు పెడితే అది గాడి అడుగున తిరుగుతూ గరగర వినిపిస్తుంది. ఆ ప్లేట్లను ఆల్కహాల్‌తో మాత్రం తుడవకూడదు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది.

అంకెల్లోకి

ప్లేయరు ‘లైన్ అవుట్’ నుంచి వచ్చే తీగను యు.ఎస్.బి. ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలపాలి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే చాలాసార్లు స్టీరియో కాస్తా మోనో అయిపోతుంది. మనిషి చెవి వినగలిగే హద్దు సుమారు 20,000 కంపనాలు. ఒక ధ్వనిని పూర్తిగా పట్టుకోవాలంటే దానికి రెట్టింపుకు మించి నమూనాలు తీయాలి. సీడీకి సెకనుకు 44,100 నమూనాలు ఎంచుకున్నది అందుకే. ఒక్కో నమూనాకు 16 బిట్లు, అంటే 65,536 మెట్లు. మూలప్రతిగా దాచుకునేదానికి 48,000 నమూనాలు, 24 బిట్లు మేలు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మీటరులో అతి పెద్ద శబ్దం కూడా సున్నాకు 6 డెసిబెల్స్ దిగువనే ఉండేలా చూడాలి. సున్నా దాటితే తరంగం తల తెగుతుంది, దానికి మందు లేదు.

మొదటి ప్రతిని ఉన్నదున్నట్టు వేవ్ లేదా ఫ్లాక్ ఫైలుగా దాచండి. బుసబుస తగ్గించే పనులన్నీ నకలు మీదే చేయాలి. బుసతో పాటు గొంతులోని ఊపిరి కూడా పోయిందని రేపెప్పుడో తోస్తే మళ్లీ మొదలెట్టడానికి అసలుండాలి.

80 నిమిషాల సీడీలో 60 నిమిషాల క్యాసెట్టు సరిపోతుంది, 90 నిమిషాలదానికి రెండు కావాలి. ఇంట్లో రాసే సీడీలో లేజరు ముద్ర వేసేది రంగుపొర మీద. ఎండకూ వేడికీ ఆ పొర చెడిపోతుంది. కాబట్టి సీడీ వినడానికే. దాచడానికి రెండు వేర్వేరు హార్డ్ డిస్కులు, వీలైతే రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. ఫైలు పేరులో ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ ఏడు అన్నవి రాయండి. ఆ గొంతుల్ని గుర్తుపట్టగల పెద్దవాళ్లను ఈ నెలలోనే కూర్చోబెట్టి అడగండి. ఆ వివరం ఏ టేపులోనూ ఉండదు.