గంగపై హైడ్రోజన్ నావ: బ్యాటరీ తోడు లేనిదే కదలదు

వారణాసిలోని నమో ఘాట్ వద్ద 2025 డిసెంబరు 11న ఒక నావకు పచ్చజెండా ఊపారు. డీజిల్ వాసన లేదు, పొగ లేదు. అది వెలువరించేది నీరే. కొచ్చిన్ షిప్‌యార్డులో నిర్మితమైన ఈ 24 మీటర్ల నావలో 50 మంది ప్రయాణించవచ్చు. ఒకసారి హైడ్రోజన్ నింపితే ఎనిమిది గంటల వరకు నడుస్తుందని అధికారుల ప్రకటన. హైడ్రోజన్ పేరే మారుమోగుతున్నా, నావలో బ్యాటరీలు కూడా ఉన్నాయి. అవి అలంకారానికి కావు.

ఇంధన ఘటం, వాడుక మాటలో ఫ్యూయల్ సెల్, ఇంజను వంటిది కాదు. అందులో మంట ఉండదు. ప్లాటినం అద్దిన పలుచని పొరకు ఒకవైపు హైడ్రోజన్, మరొకవైపు గాలి అందిస్తే విద్యుత్తు, వేడి, నీరు పుడతాయి. పనిచేసే వేళ ఒక్కో ఘటం ఇచ్చేది సుమారు 0.7 వోల్టులే, టార్చిలైటు సెల్లు ఇచ్చేదానిలో సగం కూడా కాదు. అందుకే ఘటాలను పెద్దసంఖ్యలో దొంతరగా పేరుస్తారు.

ఈ దొంతర తనంతట తాను మేల్కొనలేదు. గాలిని లోపలికి తోసే కంప్రెసరుకు, చల్లబరిచే నీటిని తిప్పే పంపుకు, వాల్వులకు ముందుగా కరెంటు కావాలి. అది బ్యాటరీ ఇవ్వవలసిందే. రేవులో నావను మళ్లించేటపుడు మోటారు ఒక్కసారిగా అధిక శక్తిని కోరుతుంది. గాలి సరఫరా పుంజుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఈలోగా ఘటం నుంచి బలవంతంగా విద్యుత్తు లాగితే, వాయువు చాలని చోట ఉత్ప్రేరకం దెబ్బతింటుంది. కనుక ఆకస్మిక భారాన్ని బ్యాటరీ మోస్తుంది. ఘటం నిలకడగా నడుస్తూ, మిగులు విద్యుత్తుతో దానిని తిరిగి నింపుతుంది. రాత్రి లంగరు వేసే ముందు బ్యాటరీలో తగినంత నిల్వ ఉంచకపోతే, ఒడ్డున కరెంటు దొరకని పక్షంలో, ట్యాంకు నిండా ఇంధనమున్నా మరునాడు నావ కదలదు.

సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణం కోసం ఎన్టీపీసీ చేపట్టిన హైడ్రోజన్ బస్సులకు మరో చిక్కు ఉంది. ఘటంలో మిగిలిన నీరు గడ్డకడితే పొర దెబ్బతింటుంది. అందువల్ల ఆపే ముందు గాలి పంపి తేమను వెళ్లగొట్టాలి. పలుచని గాలి వల్ల కంప్రెసరుకూ శ్రమ ఎక్కువే.

యంత్రం సంగతి ఇలా ఉండగా, అసలు ప్రశ్న ఇంధనానిది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత హైడ్రోజన్ లక్ష్యంగా కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. దేశంలో చమురు శుద్ధి, ఎరువుల కర్మాగారాలు వాడే హైడ్రోజన్‌లో అధిక భాగం సహజవాయువు నుంచి తీసినదే. ఆ ప్రక్రియలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. పైగా ఘటానికి 99.97 శాతం స్వచ్ఛత అవసరం. కార్బన్ మోనాక్సైడ్ లేశమాత్రంగా కలిసినా ప్లాటినం మందగిస్తుంది. లేహ్‌లో ఇందుకోసం 1.7 మెగావాట్ల సౌర కేంద్రాన్ని, రోజుకు 80 కిలోల హైడ్రోజన్ తయారీని అక్కడికక్కడే తలపెట్టారు. గంగపై నావకు ఏ హైడ్రోజన్ అందుతున్నది, ఏడాదిలో అది ఎన్ని రోజులు నడిచింది, కిలోకు ఎంత ఖర్చయింది అన్న లెక్కలను ప్రభుత్వం ఏటా ప్రకటించాలి.