ఆరంకెల చిరునామా

బేరిగై తమిళనాడులోని ఊరు. హోసూరు ప్రాంతంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్నది. అటు మాలూరు కర్ణాటకది. ఇటు కుప్పం ఆంధ్రప్రదేశ్‌ది. ఈ ప్రాంతపు ఇళ్ళలో తెలుగు, సంతలో తమిళమూ కన్నడమూ వినిపిస్తాయి. మూడు భాషలకు మూడు లిపులు. ఇక్కడి అవ్వ కుప్పంలో ఉన్న కూతురికి తెలుగులో చిరునామా వ్రాసి ఉత్తరం వేస్తే, తెలుగు చదవడం రాని గుమాస్తా దానిని ఏ సంచిలో వేయాలి?

ఈ చిక్కు ఒక్క బేరిగైది కాదు. మన దేశంలో లిపులు అనేకం. ఒకే పేరుగల ఊళ్ళు అంతకంటె అనేకం. రామాపురం అన్నంతమాత్రాన ఏ రామాపురమో ఎవరు చెప్పగలరు? అందుకే తపాలాశాఖ 1972 ఆగస్టు 15న పిన్‌కోడు పద్ధతిని ప్రవేశపెట్టింది. దీనిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ కేంద్ర ప్రభుత్వ అధికారి, సంస్కృత కవి కూడ. భాషలు బాగా తెలిసినవాడే భాషతో పనిలేని చిరునామాను కనిపెట్టడం విశేషం.

బేరిగై పిన్‌కోడు 635105. మొదటి అంకె 6 తమిళనాడు, కేరళలున్న మండలాన్ని తెలుపుతుంది. రెండవది చేరితే ఆ మండలంలోని భాగం తెలుస్తుంది. మొదటి మూడంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను సూచిస్తాయి. చివరి మూడు బట్వాడా చేసే తపాలా కార్యాలయానివి. మాలూరు 563130, కుప్పం 517425. రెండూ 5తో మొదలవుతాయి కనుక, దగ్గరి ఊళ్ళే అయినా వాటి ఉత్తరాలు వేరే సంచుల్లో పడతాయి.

తపాలా జిల్లా వేరు, ప్రభుత్వ జిల్లా వేరు. కృష్ణగిరి 2004లో ధర్మపురి జిల్లానుండి విడిపోయింది. కాని కృష్ణగిరి 635001, ధర్మపురి 636701. తిరుపత్తూరుది మళ్ళీ 635601. పుదుచ్చేరి పాలనలోని యానాం అంకె 5తోనే మొదలవుతుంది, ఎందుకంటే దాని చుట్టూ ఉన్నది గోదావరి సీమ.

అంకెలున్నందువల్ల ఈ పనిని యంత్రానికీ అప్పగించవచ్చు. 1993లో ముంబయిలోను, 1996లో చెన్నైలోను ఇటువంటి యంత్రాలను నెలకొల్పారు. యంత్రానికి ఊళ్ళు తెలియవు. "635 అయితే ఈ గడి, 563 అయితే ఆ గడి" అని ముందుగా మనిషే నియమాలు ఏర్పరచాలి. నియమాల వరుస కూడ ముఖ్యమే. చివరి మూడంకెలను ముందు చూడమంటే బేరిగై ఉత్తరమూ శ్రీపెరుంబుదూరు ఉత్తరమూ ఒకే గడిలో పడతాయి. శ్రీపెరుంబుదూరు పిన్‌కోడు 602105 మరి! నేడు పార్సిళ్ళు చేరవేసే కంపెనీల కంప్యూటర్లు కూడ పిన్‌కోడు చూసి ఇలాగే దారి నిర్ణయిస్తాయి.

635కు బదులు 636 అని వ్రాశారనుకోండి. చేతితో వేరుచేసే గుమాస్తా ఊరిపేరు చదివి సర్దవచ్చు. అంకెను మాత్రమే చూసే యంత్రం సేలం వైపు పంపుతుంది. అది ఉద్యోగపు పిలుపు అయితే, తిరిగి వచ్చేసరికి గడువు దాటిపోవచ్చు. అందుకే ఏ నియమానికీ లొంగని ఉత్తరాలకోసం, అంకె చెరిగినవాటికోసం, వేరే గడి ఉంచుతారు. వాటిని మనిషి చదవాలి. అంతర్దేశీయ పత్రం మీద పిన్‌కోడుకోసం ఆరు గళ్ళు అచ్చువేసి ఉండేది కూడ అంకెకు అంకె తగలకుండా విడివిడిగా వ్రాయడానికే.