ధాన్యపు వంగడాల భాస్వర గ్రహణం – శిలీంధ్రమూలాల పాత్ర

1885లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్నార్డ్ ఫ్రాంక్ ‘శిలీంధ్రం’, ‘వేరు’ అనే అర్థాలు గల గ్రీకు పదాలను జోడించి ‘మైకోరైజా’ అనే పేరు పెట్టాడు. తెలుగులో ‘శిలీంధ్రమూలం’ అనడం అందుకు చక్కగా సరిపోతుంది.

నేలలోని భాస్వరం ఇనుము, అల్యూమినియం, కాల్షియంలతో బంధితమై దాదాపు కదలదు. అందువల్ల వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అది త్వరగా తరిగిపోతుంది. శిలీంధ్ర తంతువులు ఆ వలయాన్ని దాటి, సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరాన్ని తెచ్చి, వేరు కణాలలో పొదల వలె అల్లుకున్న శాఖల ద్వారా మొక్కకు అందిస్తాయి. వరిలో దానిని స్వీకరించేది ఓఎస్‌పీటీ11 అనే వాహక ప్రోటీన్. బదులుగా మొక్క చక్కెరలను, కొవ్వులను ఇస్తుంది.

అయితే గోధుమ, బార్లీలలో ఈ సాహచర్యం వలన ఎదుగుదల చాలాసార్లు హెచ్చదు. అంతమాత్రాన శిలీంధ్రం నిష్ప్రయోజనమని తేల్చరాదు. రేడియోధార్మిక భాస్వరంతో చేసిన ప్రయోగాలలో, ఎదుగుదల పెరగని గోధుమకు సైతం గణనీయమైన భాస్వరం శిలీంధ్ర మార్గంలోనే చేరినట్లు వెల్లడైంది. అదే సమయంలో వేరు నేరుగా గ్రహించేది తగ్గుతుంది. కనుక పైరు బరువు ఒక్కటే వంగడానికి కొలమానం కాజాలదు.

ఎరువులు దండిగా వేసిన క్షేత్రాలలో రూపొందిన ఆధునిక వంగడాలు ఈ మైత్రిని కోల్పోయాయన్న వాదం 1990లలో అమెరికా గోధుమల అధ్యయనాలతో బలపడింది. తర్వాతి సమీక్షలు దానిని సమర్థించలేదు. భాస్వరం పుష్కలమైతే మొక్కే శిలీంధ్రాన్ని దూరం పెడుతుంది గనుక, వంగడాల పోలిక భాస్వరం కొరవడిన నేలలో జరగాలి.