నేల ఋణము

రబీ పైరు ఇల్లు చేరినది మొదలు తొలకరి చినుకు పడువఱకును మన పొలములు బోడిగా ఎండుచుండుట మనకు అలవాటైన దృశ్యము. పైరు లేని నేలకు విశ్రాంతి లభించినదని పలువురు తలంతురు. అది పొరపాటు. కప్పులేని నేల ఎండకు కాగి పైపొరయందలి జీవరాశిని కోల్పోవును. మొదటి పెద్దవానకు తన మెత్తని మన్నును కాలువల పాలు చేయును. ఈ సత్యమును మన పెద్ద లెఱిగిరి. మధ్యకాలమున మనము మఱచితిమి. నేడు శాస్త్రజ్ఞులు మఱల జ్ఞప్తి చేయుచున్నారు.

జీలుగ, జనుము, పిల్లిపెసర, వెంపలి యను పేర్లు మన గ్రామములకు క్రొత్తవి కావు. వరికోతకు కొలది దినములు ముందుగా చేలో మినుములు, పెసలు వెదజల్లి, మిగిలిన పదునుతోనే రెండవ పంట తీయుట డెల్టా రైతుల నేర్పు. జొన్నసాళ్ల నడుమ కంది వేయుట మెట్టరైతుల నేర్పు. 1889లో మన వ్యవసాయమును సంస్కరించు మార్గములు చూపుటకై ఆంగ్ల ప్రభుత్వము పంపిన రసాయనశాస్త్రవేత్త వోల్కర్, దేశమెల్ల తిరిగి, 1893లో వెలువడిన తన నివేదికలో భారతీయ కర్షకుడు సగటు ఆంగ్ల కర్షకునికి తీసిపోడనియు, కొన్నింట అతనిని మించినవాడనియు ఒప్పుకొనెను.

అయితే ఈ నేర్పునకు గల కారణము శాస్త్రము వలననే తెలిసినది. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. అది లేక ఏ పైరును బ్రతుకదు. కాని ఏ మొక్కయు దానిని తనంత గాలినుండి గైకొనజాలదు. కాయధాన్యపు పైర్లు మాత్రము నత్రజనిని కూడబెట్టుచున్నవని ఫ్రాన్సుదేశీయుడగు బూసింగో 1838 ప్రాంతమున గమనించెను. కారణ మేమో అర్ధశతాబ్దము వఱకు తేలలేదు. ఆ పని చేయునవి వేళ్లమీది బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులని జర్మనులగు హెల్రీగెల్, విల్ఫార్తులు 1886లో ప్రకటించిరి. హాలెండువాడగు బైయరింక్ 1888లో ఆ జీవులను వేఱుపఱచి చూపెను. మొక్క వానికి చక్కెర నిచ్చును. అవి మొక్కకు నత్రజని నిచ్చును.

ఈ సంగతిని ప్రతి రైతును తన చేలోనే పరీక్షింపవచ్చును. పూతకు వచ్చిన మొక్కను జాగ్రత్తగా త్రవ్వి తీసి, వేరిబుడిపెను గోటితో చీల్చి చూడవలెను. లోపల ఎఱ్ఱగా నున్నచో పని జరుగుచున్నది. తెల్లగానో పచ్చగానో యున్నచో జరుగుటలేదు. అట్టి చేలకు విత్తనముతో రైజోబియం పట్టించవలెను. అన్ని పైర్లకు నొకే రకము పనిచేయదు. శనగకు తగినది వేరుశనగకు తగదు.

ఇచట ఒక అపోహను తొలగింపవలసియున్నది. అపరాలు వేసినంతమాత్రమున నేల బలసినదని తలపరాదు. గింజ పండించి ఇంటికి చేర్చినపుడు నత్రజనిలో పెద్దపాలు గింజతోనే పోవును. మొక్కను వేళ్లతో పెఱికివేసినచో మిగిలినదియు దక్కదు. నేల ఋణము తీర్పదలచినచో పైరునే నేలకు అర్పింపవలెను. జీలుగ విత్తనములు ఎకరమునకు పదిపండ్రెండు కిలోలు చల్లి, పూత తొడుగు వేళకు, అనగా 45, 50 దినములకు, కలియదున్నవలెను. బాగుగ ఎదిగిన పైరు నేలకు చేర్చు నత్రజని 45 కిలోల యూరియా బస్తాలోని దానికి తక్కువ కాదు. ఆ బస్తాలో నుండునది సుమారు 21 కిలోలే. పచ్చిరొట్టలోని దంతయు తొలిపంటకే అందదు, నిజమే. కాని యూరియా ఇయ్యలేని సేంద్రియపదార్థమును, నీటిని పట్టియుంచు గుణమును నేలకు అదియే ఇచ్చును.

యూరియాను మానుడని మేము చెప్పుట లేదు. దాని తయారీకి సహజవాయువు కావలెను. మన కర్మాగారములు వాడు వాయువులో అధికభాగము విదేశములనుండి వచ్చుచున్నది. 2022లో ఉక్రెయినులో యుద్ధము రగులగా ఎరువుల ధరలు లోకమంతట పెరిగినవి. 1947లో రాజ్యము మన చేతికి వచ్చినది. ఎరువు విషయమున పరాధీనత యింకను పోలేదు.

పచ్చిరొట్టను నిందించు రైతులును కలరు. దున్నిన మఱునాడే విత్తితిమి, మొలక చచ్చినదని వారి ఫిర్యాదు. దోషము రొట్టది కాదు, తొందరది. పచ్చియాకు క్రుళ్లునపుడు పుట్టు ఆమ్లములును అమ్మోనియాయు లేతవేరును మాడ్చును. దమ్ముచేసిన వరిమడిలో వారము గడచిన చాలును; మెట్టలో చిన్నగింజ విత్తుటకు రెండు మూడు వారములు ఆగవలెను. కొన్ని కప్పుపైర్ల రసములకే ఇతర మొక్కల నణచు గుణము కలదు. మన దూలగొండిలో నున్న అట్టి పదార్థమును జపాను శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. కలుపు నణచునపుడు ఆ గుణమే మేలు. విత్తనమును తాకినపుడు కీడు.

నేల సిద్ధమైనదో లేదో తెలుపు సాక్షి యొకటి కలదు. అది సంస్కృతమున చంద్రశూరమనియు, హిందీలో హాలిం అనియు పేరుగల చిన్నగింజ. తడి తగిలిన ఒకటి రెండు దినములలో మొలచును. విషమున్నచో దాని వేరు వెంటనే కుఱుచబాఱును. ఎరువు బాగుగ మాగినదో లేదో తెలిసికొనుటకు ఇటలీలో జుకోని మొదలగువారు 1981లో ఈ గింజనే వాడిరి. రెండు మూకుళ్లు తీసికొని, ఒకదానిలో రొట్ట దున్నిన మట్టిని, రెండవదానిలో మామూలు మట్టిని పోసి, తడిపి, ఇరువదేసి గింజలు చల్లుడు. మూడు నాలుగు దినములకు మొలకల లెక్కయు వేళ్ల పొడవును సరిపోలినచో విత్తవచ్చును. దీనికి ప్రయోగశాల అక్కఱలేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2016లో ఆరంభించిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున తొలకరికి ముందే పలురకముల గింజలు కలిపి చల్లి నేలను కప్పించుచున్నారు. అది మంచి ప్రయత్నము. కాని అసలు అడ్డంకి మఱియొకచోట నున్నది. డెల్టాలలో దున్నువాడు పెక్కుచోట్ల కౌలుదారుడు. అతని కౌలు తఱచు ఏడాదికే, నోటిమాటపైననే. మఱుసటి యేట ఎవరి చేతిలో నుండునో తెలియని పొలమునకు అతడు విత్తనమును, దుక్కికూలిని, కాలమును ఏల వెచ్చించును? అట్లు చేయలేదని అతనిని నిందించుట న్యాయము కాదు.

కావున మా మనవి భూస్వాములకే. కౌలు మూడేండ్లకు తక్కువ గాకుండ వ్రాసి యిండు. జీలుగ విత్తనము ఖర్చు మీరే భరింపుడు. రొట్ట దున్నిన యేట కౌలులో కొంత తగ్గింపుడు. నేల బలసినచో ఆ ఫలము తరతరములకు మీ కుటుంబములకే చెందును గనుక ఇది దానము కాదు; మీరు మీ నేలకు తీర్పవలసిన బాకీ. ఈ వేసవియందే ఒక్క ఎకరముతోనైన ఆరంభింపుడని కోరుచున్నాము.