బులెటిన్‌లో అంకె, ఖబరస్తాన్‌లో రిజిస్టరు

2021 మే మాసం, రమజాన్ చివరి దశకం. మా పట్టణ ఖబరస్తాన్‌లో ఒకే రోజు, అసర్ నుంచి ఇషా లోపల, నాలుగు జనాజా నమాజులు చేయించవలసి వచ్చింది. ఆ సాయంత్రం వెలువడిన ప్రభుత్వ బులెటిన్‌లో మాత్రం జిల్లా మొత్తానికి కలిపి మరణాలు రెండు అని ఉన్నది. గేటు దగ్గర నిలబడిన వారిలో ఒకరు, "అంతా అబద్ధం, పదింతలు దాస్తున్నారు" అన్నారు. ఆయన పక్కనే ఉన్న మరొకరు, "అసలు ఈ జబ్బే లేదు, ఇద్దరు పోతే ఇంత హడావుడా?" అన్నారు. ఇద్దరికీ ఆధారం ఆ ఒక్క అంకెయే.

తరువాతి జుమా నాడు, వచ్చిన కొద్దిమంది నమాజీల ముందు, నేను కూడా మొదటి ఆయన మాటనే అన్నాను. కొన్నాళ్ళకు ఖబరస్తాన్ రిజిస్టరు చూసే అవసరం కలిగింది. ఆనాటి నలుగురిలో ఇద్దరు పొరుగు జిల్లావారు. ఇక్కడి ఆసుపత్రిలో మరణించగా, స్వగ్రామానికి తీసుకువెళ్ళే వీలులేక ఇక్కడే ఖననం చేశారు. మరొకరు తొంభై ఏళ్ళ వృద్ధురాలు, ఆమెకు జ్వరమే రాలేదని కుమారులు చెప్పారు. బులెటిన్ లోపభూయిష్టమే కావచ్చు. కాని దానికి ఎదురుగా నేను నిలబెట్టిన లెక్క అంతకంటే మెరుగైనది కాదు. హదీసు విద్యార్థులకు మేము మొదటి సంవత్సరంలోనే జయీఫ్‌కు, మౌజూకు గల భేదం బోధిస్తాము. బలహీనమైన ఉల్లేఖనం వేరు, కల్పించినది వేరు. ఆ రోజు మింబర్ మీద నేను ఆ భేదాన్నే మరిచిపోయాను.

బులెటిన్‌లో 'కేసు' అంటే రోగి అని అర్థం కాదు. పరీక్ష చేయించుకొని, పాజిటివ్ అని తేలి, ఆ ఫలితం పోర్టల్‌లో నమోదైన మనిషి అని అర్థం. కిట్లు అయిపోయాయని తిరిగివచ్చినవాడు, ర్యాపిడ్ పరీక్షలో పొరపాటున నెగటివ్ వచ్చినవాడు, అసలు పరీక్షకే వెళ్ళనివాడు అందులో లేరు. 2021 జూన్, జూలై నెలలలో ఐసీఎంఆర్ జరిపిన నాలుగవ సీరో సర్వేలో 67.6 శాతం మంది రక్తంలో యాంటీబాడీలు కనిపించాయి. టీకా వేసుకోనివారిలోనూ ఆ శాతం 62 పైనే. అప్పటికి దేశంలో నమోదైన కేసులు మూడు కోట్ల పైచిలుకు, అనగా నూటికి ఇద్దరు ముగ్గురు! అంతకు ముందు సంవత్సరం ఆగస్టులో హైదరాబాదులోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరపు మురుగునీటిని పరీక్షించారు. గడచిన 35 రోజులలో నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. ఆ నాటికి తెలంగాణ అంతటా నమోదైన కేసులు దాదాపు లక్ష.

ఎక్కడ వెతికితే అక్కడ కేసులు పెరుగుతాయి. ఈ సంగతిని మన కుటుంబాలు అందరికంటే చేదుగా తెలుసుకున్నాయి. 2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ దేశంలోని 14,378 కేసులలో 4,291, అంటే 29.8 శాతం, నిజాముద్దీన్ మర్కజ్‌తో ముడిపడినవని ప్రకటించింది. తెలంగాణలో ఈ వాటా 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 61 శాతం అని చెప్పింది. ఈ అంకెలు కల్పితం కావు. మర్కజ్‌లో వ్యాధి వ్యాపించిన మాట కూడా నిజం. అక్కడకు వెళ్ళివచ్చినవారిలో తెలంగాణలో మరణించినవారున్నారు. దానిని మనం కప్పిపుచ్చనవసరం లేదు. అయితే కిట్లు అపురూపమైన ఆ రోజులలో మర్కజ్‌కు వెళ్ళివచ్చినవారిని, వారి ఇంటివారిని, వారిని కలిసినవారిని జాబితాలు పట్టుకొని వెతికి పరీక్షించారు. విదేశాలకు వెళ్ళని, ఏ జాబితాలోనూ లేని మనిషి ఇంట్లో దగ్గుతూ పడుకుంటే అతనికి పరీక్ష దొరకలేదు. దొరికిన కేసులలో మర్కజ్ వాటా ఎంతో 79 శాతం చెప్పింది. రాష్ట్రంలో వ్యాధి ఎవరి వల్ల ఎంత వ్యాపించిందో అది చెప్పలేదు, చెప్పజాలదు కూడా. ఎందరిని పరీక్షిస్తే ఎందరు తేలారన్న ప్రశ్న వేయకుండా చదివినందువల్ల ఆ అంకె తోపుడుబండి మీద పండ్లమ్ముకునేవాని పేరు అడిగేదాకా వెళ్ళింది.

ఇక మరణాల విషయం. శవాన్ని దాచడం కష్టం, కారణాన్ని దాచడం సులువు. చాలాసార్లు ఎవరూ దాచకుండానే అది మరుగున పడుతుంది. 2020లో దేశంలో నమోదైన మరణాలలో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతమే. ధ్రువీకరించిన చోట సైతం "గుండె ఆగిపోవుట" అని రాసి ఊరుకున్నవి ఎన్నో. గుండె ఆగని మరణం ఏదైనా ఉన్నదా? పాట్నా హైకోర్టు ఆదేశం మీద బీహారు ప్రభుత్వం మరణాలను తిరిగి లెక్కిస్తే, 2021 జూన్‌లో ఒక్క రోజులోనే మొత్తం సుమారు 5,400 నుంచి 9,400కు పెరిగింది. ఆ వేలమంది ఆ రోజు చనిపోయినవారు కారు.

సుప్రీంకోర్టు జోక్యంతో మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల సాయం నిర్ణయమయ్యాక మరొక కిటికీ తెరుచుకున్నది. పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 రోజుల లోపు మరణిస్తే, ఆసుపత్రి బయట జరిగినా కోవిడ్ మరణంగానే పరిగణించాలన్న నియమం వచ్చింది. 2022 జనవరి నాటికి తెలంగాణ ప్రకటించిన మరణాలు 4 వేల లోపు. అందిన దరఖాస్తులు దాదాపు 29 వేలు, అప్పటికే ఆమోదం పొందినవి 15 వేల పైన. ఆంధ్రప్రదేశ్‌లో 14 వేల పైచిలుకు మరణాలకు దరఖాస్తులు దాదాపు 36 వేలు. అన్నీ సత్యమైనవే అని కూడా అనలేము. ఆ మార్చిలో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాలలో ఐదు శాతం దరఖాస్తులను తనిఖీ చేయడానికి సుప్రీంకోర్టు అనుమతించింది. డబ్బు వచ్చే చోట అంకె పెరగడం, పరువు పోయే చోట తగ్గడం మానవ స్వభావమే.

అందువల్లనే గణాంకవేత్తలు కారణాన్ని పక్కన పెట్టి, అన్ని మరణాలనూ లెక్కించి, సాధారణ సంవత్సరాలతో పోల్చుతారు. భారతదేశంలో 2019లో నమోదైన మరణాలు 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 102.2 లక్షలు. ఈ చివరి అంకెను ప్రభుత్వమే 2025 మే నెలలో విడుదల చేసింది. రెండేళ్ళకు కలిపి కోవిడ్ మృతులుగా ప్రకటించినది 4.8 లక్షలే. ఒక్క 2021లోనే అంతకు ముందటి ఏడాదికంటే 21 లక్షల మరణాలు అధికంగా నమోదైనాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో భారతదేశపు అదనపు మరణాలను 47 లక్షలుగా అంచనా వేయగా, ఆ గణన పద్ధతిని మన ప్రభుత్వం తిరస్కరించింది. నమోదు యేటేటా మెరుగుపడుతున్నది కనుక పెరుగుదలలో కొంత దానివల్ల వచ్చింది. మంచాలు దొరకక ఇతర వ్యాధులతో పోయినవారూ ఇందులో ఉన్నారు. ఇవన్నీ తీసివేసినా 4.8 లక్షల అంకె నిలబడదని నా అభిప్రాయం. 47 లక్షలు కంటితో లెక్కించిన శవాలు కావు, అది అంచనా అన్నదీ గుర్తుంచుకోవాలి.

ఆ సంవత్సరం చలికాలంలో మా వీధి సోదరి ఒకరు నా వద్దకు వచ్చారు. ఆమె భర్త దర్జీ. మే నెలలో ఇంట్లోనే మరణించాడు. పరీక్ష చేయించలేదు. ఊపిరితిత్తుల స్కాన్ ఫిల్మ్ మాత్రం ఉన్నది. మునిసిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో కారణమనే గడి ఉండదు. జిల్లా కమిటీ ముందు పెట్టుకోవడానికి నా సాక్ష్యం కావాలన్నారు. నేను చూసినంత మేరకు రాసి ఇచ్చాను: మరణించిన తేదీ, జనాజా సమయం, దగ్గరకు రావడానికి భయపడి ఘుస్ల్‌కు బదులు తయమ్ముమ్‌తో సరిపెట్టిన సంగతి. "కరోనాతో మరణించాడు" అన్న వాక్యం రాయలేదు. అది నాకు తెలిసిన విషయం కాదు.

ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నారు. "మౌలానా సాబ్, మింబర్ మీద వేలమంది సంగతి చెప్పారు. నా మనిషి ఒక్కడి సంగతి రాయలేరా?" అని అడిగారు.

ఆ కాగితాన్నే స్కాన్ ఫిల్మ్‌కు జతపరచి మరునాడు కలెక్టరేటుకు తీసుకువెళ్ళారు.