నెత్తుటి చుక్క నుండి న్యాయపీఠము దాక

జర్మనీ దేశమున ట్యూబింగన్ పట్టణపు కొండకోటలో, ఒకనాడు ప్రభువుల వంటశాలగా నుండి తరువాత రసాయనశాలగా మారిన గదియందు, ఇరువదినాలుగేండ్ల స్విస్ యువకుడు ఫ్రీడ్రిక్ మీషర్ 1869 నాటి చలికాలమున, సమీపపు శస్త్రవైద్యశాల నుండి తెప్పించుకొనిన చీముకట్లను ఒక్కొక్కటిగా విప్పి, కుళ్లిన వానిని నిర్దాక్షిణ్యముగా పారవైచి, తాజావానిని మాత్రమే లవణజలమున కడిగి, అందలి తెల్లకణములను వేరుపరచుచుండెను. మాంసకృత్తులను జీర్ణింపజేయు పెప్సిన్ కొరకు పంది జీర్ణాశయములను కడిగి ద్రావకమును తానే సిద్ధపరచుకొనెను. ఆ క్రియకు లొంగక నిలిచి, క్షారమున కరగి ఆమ్లమున పేరుకొను, భాస్వరము మెండుగా గల శ్వేతపదార్థమొకటి కణకేంద్రకములనుండి లభింపగా దానికి ‘న్యూక్లీన్’ అని పేరిడెను. నేడు మనము డీఎన్ఏ అని పిలుచుచున్నది ఆ పదార్థమునే. ఆతని గురువు హోప్పే-సైలర్ ఆ ఫలితములను తొలుత నమ్మలేక, ప్రయోగములను తన చేతులతో మరల చేసి చూచుకొనిన పిమ్మటగాని, అనగా 1871 దాక, ఆ వ్యాసమును అచ్చు వేయలేదు. చెడిన నమూనాను విడిచిపెట్టు తెగువయు, మంచి ఫలితమును సైతము సందేహించు ఓర్మియు ఈ విద్యకు పుట్టుకతోడనే అబ్బిన గుణములని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఇట్లు చెప్పుటకు కారణము కలదు. డీఎన్ఏ పరీక్ష యనగానే మన దృష్టి యంత్రములమీదికి, కంప్యూటరు తెరపై లేచి పడు రంగురంగుల శిఖరములమీదికి పోవును. యంత్రము తనకు అందించినదానిని చదువును. అందించినది ఎవరిదో, ఏ స్థితిలో నున్నదో అది ఎరుగదు. సత్యాసత్యములు నిర్ణయమగునది అంతకుముందే, నమూనాను సేకరించిన చేతులలోను, దానినుండి డీఎన్ఏను తీసిన చేతులలోను.

మీషర్‌కు ఆనవాలుగా దొరకిన భాస్వరము ఒక పదార్థమున ఎంత గలదో కొలుచుట చిరకాలము ప్రయాసతో కూడిన పనిగానే యుండెను. ఆ ప్రయాసను తీర్చినవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. 1925లో హార్వర్డున సైరస్ ఫిస్కేతో కూడి, నీలివర్ణపు గాఢతనుబట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని ఆయన ప్రకటించెను. ఆ పద్ధతి వారిరువురి పేర లోకమందలి జీవరసాయనశాలలలో వ్యాపించెను.

ఇక నేటి ప్రయోగశాలలో రక్తమునుండి డీఎన్ఏను ఎట్లు తీయుదురో నిదానముగా పరికింతము. రక్తమును ఊదారంగు మూతగల గొట్టమున పట్టుదురు. అందు ముందే యుంచిన ఈడీటీఏ రక్తమును గడ్డకట్టనీయకపోవుటయే గాక, డీఎన్ఏను ఖండించు ఎంజైములకు ఆధారమైన మెగ్నీషియమును బంధించి వానిని నిర్వీర్యము చేయును. రక్తమునకు ఎరుపు నిచ్చు కణములలో పరిపక్వదశయందు కేంద్రకమే లేదు గనుక, వానినుండి లభించునది లేదు. వానిని చిట్లించి కడిగివేసి, తెల్లకణములను గొట్టపుటడుగున చేర్చుకొందురు. పిదప డిటర్జెంటు కణపు కొవ్వుపొరను, కేంద్రకపు పొరను కరగించును. ఒక బూజు నుండి మొదట లభించిన ప్రొటీనేజ్-కె అను ఎంజైము, డీఎన్ఏను పెనవేసికొనియున్న మాంసకృత్తులను తుత్తునియలు చేయును. దానికి ఫినాల్, క్లోరోఫామ్ చేర్చి, మెల్లగా కలిపి, సెంట్రిఫ్యూజున తిప్పినచో ద్రవము రెండంతస్తులుగా విడివడును: డీఎన్ఏ పైనున్న నీటిభాగమున నిలుచును, విరిగిన మాంసకృత్తులు నడుమ తెల్లని తెరవలె పరచుకొనును. ఆ తెరను కదలింపక పైభాగమును పిపెట్టుతో లాగుటలోనే పనివాని నేర్పంతయు నున్నది. చివరి చుక్కను సైతము వదలరాదని ఆశపడినవాడు మాలిన్యమును కూడ తెచ్చుకొనును; ఒకింత డీఎన్ఏను విడిచిపెట్టగలిగినవానికే శుద్ధమైనది దక్కును.

అటుపిమ్మట కొంచెము లవణమును, చల్లని ఇథనాల్‌ను చేర్చి గొట్టమును మృదువుగా తలక్రిందులు చేయగా, అంతవరకు నీటివలె కనబడుచుండిన ద్రవమునుండి తెల్లని నూలుపోగుల వంటి తంతువులు తేలివచ్చును. ఒక్కొక్క మానవకణమున సుమారు రెండు మీటర్ల పొడవున ముడుచుకొనియుండు పదార్థమిది. గట్టిగా కుదిపినచో తునకలైపోవును. ఇప్పుడు సిలికా పొరగల చిన్న గొట్టముల కిట్లు వచ్చి ఫినాల్ ఘాటు చాలవరకు తప్పినది. కణమును ఛేదించి, మాంసకృత్తులను తొలగించి, డీఎన్ఏను వేరుపరచు క్రమము మాత్రము మారలేదు. లభించినది శుద్ధమో కాదో తెలియుటకు అతినీలలోహిత కాంతిని దానిగుండ పంపి, 260 నానోమీటర్లకడ పీల్చుకొనిన కాంతిని 280కడ పీల్చుకొనినదానితో భాగింతురు, 1.8కి చేరువగా వచ్చినచో శుద్ధమనియు, చాల తగ్గినచో మాంసకృత్తియో ఫినాలో మిగిలినదనియు తలతురు.

1983లో కేరీ మల్లిస్ ఊహించిన పీసీఆర్ ప్రక్రియ ఈ విద్య స్వరూపమునే మార్చివైచెను. వేడినీటి బుగ్గలలో బ్రతుకు సూక్ష్మజీవి నుండి లభించిన, వేడికి చెడని ఎంజైము సాయమున, ఒక్క డీఎన్ఏ ఖండము 30 ఆవృత్తులలో, సిద్ధాంతరీత్యా, నూరు కోట్లకు మించి ప్రతులగును. సిగరెట్టు పీకపై నంటిన లాలాజలము చాలును, వెండ్రుక కుదురు చాలును. అయితే నేరస్థుని కణమును వృద్ధిచేయు శక్తియే, తుమ్మిన పరిశోధకుని కణమును కూడ అంతే శ్రద్ధతో వృద్ధిచేయును.

జర్మనీలో జరిగిన ఒక ఉదంతము దీనికి నిదర్శనము. 2007లో హైల్‌బ్రాన్ నగరమున ఒక పోలీసు ఉద్యోగిని హత్యకు గురికాగా, ఆమె కారుపై లభించిన అజ్ఞాత స్త్రీ డీఎన్ఏ, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశములలో నలుబదికి దగ్గరగా నున్న నేరస్థలములలో దొరకినదానితో సరిపోయెను. ఒకదానితో నొకటి పొంతన లేని నేరములన్నిటను తిరుగాడిన ఆ మాయావినికొరకు పోలీసులు ఏండ్లతరబడి గాలించిరి. తుదకు 2009లో తేలినదేమనగా, అట్టి స్త్రీయే లేదు. నమూనాలను తుడిచి తీయుటకు వాడిన దూదిపుల్లలను తయారుచేయు కర్మాగారములోని పనికత్తె డీఎన్ఏ అది. పుల్లలు క్రిమిరహితములే, క్రిమిరహితమైనదంతయు డీఎన్ఏ రహితము కాదని మాత్రము ఎవ్వరును తలపోయలేదు. ఆ పనికత్తె ఏ పాపమెరుగదు. నింద మోయవలసినది పుల్లను పరీక్షింపక యంత్రమును నమ్మిన వ్యవస్థయే.

డీఎన్ఏతో మనుషులను గుర్తించు ఈ విద్యకు భారతదేశమున పుట్టినిల్లు హైదరాబాదు. ఇంగ్లండున లెస్టర్ విశ్వవిద్యాలయమందు అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ వేలిముద్రలను కనుగొనగా, ఎడింబరోలో పాముల లింగనిర్ణయమును పరిశోధించి వచ్చిన లాల్జీ సింగ్, కట్లపాము జాతి డీఎన్ఏలో గుర్తించిన ఒక పునరుక్త క్రమమును ఆధారముగా గొని, హైదరాబాదునందలి సీసీఎంబీ అను పరిశోధనాసంస్థలో స్వదేశీ పద్ధతిని రూపొందించెను. 1980ల చివర కేరళలోని తలశ్శేరి న్యాయస్థానమున ఒక బిడ్డ పితృత్వ వివాదమును తేల్చుటకు ఆ సాక్ష్యము తోడ్పడెను. 1995లో ఢిల్లీని కలచివేసిన తందూరు హత్య కేసున, కాలిన దేహము ఎవరిదో తల్లిదండ్రుల రక్తముతో పోల్చి చెప్పినదియు ఈ సంస్థయే. 1996లో సీడీఎఫ్‌డీ అను ప్రత్యేకకేంద్రము కూడ ఇచ్చట వెలసినది. కాలిన దేహమునుండి కండను కోసి, దానినుండి పనికివచ్చు డీఎన్ఏను తీయుటకు ఎంతటి నిగ్రహము, ఎంతటి నిష్ఠ వలయునో తలచుకొనినపుడు ఆ శాస్త్రజ్ఞులకు చేతులెత్తి నమస్కరింపవలెననిపించును.

ఈ తంతువులు నేరములను మాత్రమే చెప్పవు. అనేక తరములుగా తమలో తామే వివాహములాడిన మన సముదాయములను పరిశీలించిన సీసీఎంబీ, హార్వర్డు శాస్త్రజ్ఞులు, అరుదైన జన్యులోపములు కొన్ని సముదాయములలో ఏల మెండుగా నున్నవో 2017లో వివరించిరి. వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్సవేళ నిచ్చు సక్సినైల్ కోలిన్ అను మందు శీఘ్రముగా విరగక, కండరములను చాలసేపు స్తంభింపజేయుట అట్టిదే. ఆ సంగతి ముందే తెలిసిన వైద్యుడు వేరు మందు వాడును. ఒక గొట్టమెడు రక్తమును జాగ్రత్తగా తీసి, దాచి, చదివినందున ఒక ప్రాణము నిలుచుటకన్న గొప్ప ప్రయోజనమేమి కావలెను?

కావున ఆసుపత్రులలో నమూనా తీయు నర్సులకును, నేరస్థలమునకు మొదట చేరు పోలీసు సోదరులకును నా విన్నపమిది: తడిసిన వస్త్రమును ప్లాస్టిక్ సంచిలో మూటగట్టవలదు, లోని తేమకు బూజు పట్టి, సూక్ష్మజీవులు పెరిగి, డీఎన్ఏ నశించును. నీడపట్టున ఆరబెట్టి, కాగితపు కవరులో నుంచి, చేతొడుగులను నమూనా నమూనాకు మార్చి, ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెనో తేదీతో, సంతకముతో వ్రాసియుంచుడు. డీఎన్ఏ పరీక్షలను నియంత్రించుటకై 2019లో లోకసభ ముందుకు వచ్చిన బిల్లు 2023లో ఉపసంహరింపబడినది. దాని స్థానమున మరియొక చట్టము వచ్చుదాక ఎదురుచూడక, ప్రతి జిల్లా కేంద్రమునను ఈ పనిని నేర్పు శిక్షణను ప్రభుత్వములు వెంటనే ఏర్పాటు చేయవలెను.