మాత్ర మానేసే ముందు డాక్టర్‌కు చెప్పాల్సిన మాట

స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతూ కోలుకున్నవాళ్లలో చాలామంది పైకి చెప్పుకోలేని బాధ ఒకటుంది. చెవిలో మాటలు వినిపించడం ఆగింది, నిద్ర పడుతోంది, పనికీ వెళ్తున్నారు. కానీ కోరిక చచ్చిపోయింది. మగవారికి అంగస్తంభన సరిగా ఉండదు. ఆడవారికి నెలసరి తప్పుతుంది, కొందరికి కాన్పు కాకుండానే రొమ్ముల్లో పాలు పడతాయి. డాక్టర్ గదిలో పక్కనే అమ్మో అన్నయ్యో కూర్చుంటే ఈ మాట నోట రాదు. దాంతో కొందరు గుట్టుగా మాత్ర మానేస్తారు, జబ్బు తిరగబెడుతుంది.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. భ్రమలు తగ్గడానికి ఈ మందులు మెదడులో డోపమైన్‌ను అడ్డుకుంటాయి. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ మితిమీరకుండా కాపలా కాసేది కూడా ఆ డోపమైనే. కాపలా తగ్గగానే ప్రొలాక్టిన్ పెరిగి, సెక్స్ హార్మోన్లను అణచేస్తుంది. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్‌తో ఈ ఇబ్బంది ఎక్కువ. క్వెటియాపిన్‌తో తక్కువ. అరిపిప్రజోల్ అయితే మామూలుగా ప్రొలాక్టిన్‌ను పెంచదు.

అందుకే దారులున్నాయి. రక్తపరీక్షలో ప్రొలాక్టిన్ ఎంతుందో చూస్తారు. షుగర్, బీపీ, మద్యం, సిగరెట్లు, దిగులు కూడా ఇలాంటి ఇబ్బందే తెస్తాయి కాబట్టి వాటినీ ఆరా తీస్తారు. ఆపైన మోతాదు కొద్దికొద్దిగా తగ్గించడమో, మందు మార్చడమో, చిన్న మోతాదులో అరిపిప్రజోల్ కలపడమో చేస్తారు. మగవారికి సిల్డెనాఫిల్ కూడా పనిచేస్తుంది. అయితే గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాళ్లు దాన్ని అసలు వాడకూడదు, ప్రాణానికే ముప్పు. ఈ మార్పులేవీ సొంతంగా చేసుకునేవి కావు. నెలకోసారి ఇంజెక్షన్ తీసుకునేవారికి మార్పు కనబడడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

ఈ మందులు వాడే మగవారిలో అరుదుగా అంగం గట్టిపడి గంటల తరబడి తగ్గదు. నాలుగు గంటలు దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆలస్యమైతే శాశ్వతంగా దెబ్బతింటుంది.

నిజానికి ఇలాంటి లైంగిక ఇబ్బందుల గురించి డాక్టరే ముందుగా అడగాలి. అడగకపోతే "ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలండీ" అనండి, ఇంట్లోవాళ్లను బయట కూర్చోమంటారు. నోరు పెగలకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి.

ఆడవారికి ఇంకో మాట. నెలసరి రావడం లేదని గర్భం రాదనుకోకండి. మందు మార్చాక, నెలసరి కనబడకముందే గర్భం నిలవొచ్చు. ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటే, మందు మార్చే రోజునే గర్భనిరోధకం గురించి కూడా అడగండి.